పెత్తనం లేని పెద్దరికం



సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అంటే ఎవరో మన ఇళ్లలో ఇప్పుడు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. "మా అమ్మాయి ప్రోడక్ట్ మేనేజర్ అండీ" అన్న తండ్రిని మాత్రం ఆ ఉద్యోగంలో ఏం చేస్తారని అడిగి చూడండి. "మేనేజరే కదండీ, కింద ఓ పదిమంది ఉంటారు" అంటాడు. నిజానికి ఆ అమ్మాయి కింద ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. ఎవరి సెలవు చీటీ ఆమె దగ్గరికి రాదు. ఎవరి జీతం పెంపూ ఆమె చేతిలో లేదు. ఆఫీసుల్లో ఈ ఉద్యోగాన్ని పొట్టిగా పీఎం అంటారు గానీ, ఢిల్లీ పీఎంకి ఉండే అధికారంలో ఆవగింజంత కూడా ఈ పీఎంకి ఉండదు.

మరి చేసే పనేమిటి? మీ ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టే యాప్ ఉందనుకోండి. అందులో వచ్చే నెల ఏ కొత్త సదుపాయం రావాలి, అది ఎవరికి పనికొస్తుంది, ఏది ముందు చేయాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది తేల్చడం పీఎం పని. దాన్ని ఎలా తయారుచేయాలి, ఎన్నాళ్లు పడుతుంది, లక్షలమంది ఒక్కసారి మీద పడితే తట్టుకుంటుందా అన్నది ఇంజనీరు పని. వినడానికి పంపకం తేటగానే ఉంది. ఆచరణలో మాత్రం, హైదరాబాదు, బెంగళూరు ఆఫీసుల క్యాంటీన్ కబుర్లలో సగం ఈ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకునే చాడీలే. "నిన్న అడిగింది ఇవాళ మార్చేస్తాడు" అని ఇంజనీరు. "ఏదడిగినా కుదరదంటాడు" అని పీఎం.

ఈ ఇద్దరి మధ్య పొత్తు ఎలా కుదురుతుందో ఈ పూట మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పీఎంకి ఇంజనీర్ల మీద అధికారం లేకపోవడాన్ని చాలామంది లోటు అనుకుంటారు. నేను దాన్నే ఆ ఉద్యోగానికి బలం అంటాను. ఆజ్ఞాపించలేనివాడు కారణం చెప్పి ఒప్పించాలి. కారణం చెప్పాలంటే అది ముందు తనకు తెలిసి ఉండాలి. తెలియాలంటే వాడుకునేవాళ్ల దగ్గరికీ వెళ్లాలి, తయారుచేసేవాళ్ల దగ్గరికీ వెళ్లాలి. పొత్తంతా ఈ రాకపోకల మీదే నడుస్తుంది.

ఈ ఉద్యోగానికి మూలం వెతికితే సబ్బుల దగ్గర తేలుతుంది. 1931లో అమెరికాలోని ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే యువకుడు కామే సబ్బు ప్రచారం చూసేవాడు. అదే కంపెనీకి ఐవరీ అనే పేరుమోసిన సబ్బు ఉండటంతో కామేని పట్టించుకునే నాథుడు లేడు. ఒక్కో సరుకుకీ పూర్తిగా పూచీ పడే మనిషి ఉండాలని అతను పైవాళ్లకి మూడు పేజీల నోటు రాశాడు. ఆ మనిషి ఏం చేయాలో కూడా అందులో ఉంది. అమ్మకాలు మందగించిన చోటికి స్వయంగా వెళ్లాలి, దుకాణదారులతోనూ కొనేవాళ్లతోనూ మాట్లాడాలి, లోపమెక్కడుందో కనిపెట్టాలి. ఈ మెకెల్‌రాయే 1957లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వంలో రక్షణ మంత్రి అయ్యాడు. సబ్బు పెట్టె నుంచి సైన్యం దాకా సాగిన ఆ ప్రయాణం వేరే ప్రసంగానికి సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లోకి ఈ పని 1980లలో ప్రోగ్రాం మేనేజర్ అనే పేరుతో వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో మెకింటాష్ కంప్యూటర్ కోసం ఎక్సెల్ అనే లెక్కల పట్టికల ప్రోగ్రాం తయారవుతున్న రోజుల్లో జేబ్ బ్లూమెంథాల్ ఆ పాత్రకు ఒక రూపం తెచ్చాడని చెబుతారు. ప్రోగ్రాములు రాసేవాళ్లకి జనం గోడు వినే తీరిక లేదు. మార్కెటింగ్ వాళ్లకి యంత్రం లోపలి సంగతి అంతుపట్టదు. మధ్యన నిలబడి, సరుకు ఎలా ఉండాలో కాగితం మీద పెట్టే మనిషి కావలసి వచ్చాడు. ప్రోగ్రామర్లు మాత్రం అతని కింద పనిచేయరు.

ఈ ఏర్పాటు ఎలా నడిచిందో ఒక ముచ్చట చెబుతాను. 1990ల మొదట్లో జోయల్ స్పోల్‌స్కీ అనే కుర్రాడు ఎక్సెల్ బృందంలో ప్రోగ్రాం మేనేజర్‌గా చేరాడు. ఎక్సెల్ వాడేవాళ్లు తమకు కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములు తామే రాసుకునేలా అందులో బేసిక్ భాషను చేర్చాలి. ఆ సదుపాయం ఎలా ఉండాలో చెప్పే పత్రం, అంటే స్పెక్, రాసే బాధ్యత అతనిది. ఐదువందల పేజీలు రాశాడు. దాన్ని బిల్ గేట్స్ స్వయంగా చదివి, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు. ఆ స్పెక్ పనిలోనే కుర్రాడికి తేదీల దగ్గర ఒక అనుమానం తగిలింది.

ఎక్సెల్ తేదీని ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 ఒకటో రోజు, జనవరి 2 రెండో రోజు, అలా లెక్కపెట్టుకుంటూ నేటిదాకా వస్తుంది. బేసిక్ పద్ధతీ అదే. కాకపోతే దాని లెక్క ఒక రోజు ముందు, 1899 డిసెంబరు 31న మొదలవుతుంది. మొదలు వేరైనప్పుడు ఇవాళ్టి తేదీకి వచ్చే అంకె కూడా వేరు కావాలి కదా? కావడం లేదు. రెండింట్లోనూ ఒకే అంకె.

అధికారం ఉన్న మేనేజరైతే ఎవరికో ఒక మెయిల్ కొట్టి, రేపటికల్లా తేల్చమనేవాడు. స్పోల్‌స్కీ మాత్రం ఎడ్ ఫ్రైస్ అనే ప్రోగ్రామర్ని వెతుక్కుంటూ వెళ్లి అడిగాడు. 1900 ఫిబ్రవరి 28 ఎన్నో రోజో చూడమన్నాడు ఫ్రైస్. యాభైతొమ్మిది. మార్చి 1? అరవైఒకటి. మరి అరవయ్యో రోజు ఏమైంది? అది ఫిబ్రవరి 29. శతాబ్ది సంవత్సరం లీపు కావాలంటే 400తో నిశ్శేషంగా భాగించబడాలి. 1900 భాగించబడదు. క్యాలెండరులో లేని రోజు ఎక్సెల్‌లో ఉంది. బేసిక్ ఒక రోజు ముందు మొదలైన తేడా ఆ అదనపు రోజుతో సరిపోయింది.

ఇది తప్పే. అయితే తెలిసి ఉంచుకున్న తప్పు. ఎక్సెల్ రాకముందు, 1983 నుంచి, ఆఫీసుల్లో లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం ఏలుబడి సాగింది. 1900ను లీపు సంవత్సరంగా లెక్కగట్టింది అదే. మైక్రోసాఫ్ట్ వాళ్లు క్యాలెండరు ప్రకారం పోతే లోటస్ ఫైలు తెరవగానే అందులోని తేదీలు ఒక రోజు జరిగిపోతాయి. అప్పు గడువు, జీతం రోజు, సరుకు దిగాల్సిన రోజు, అన్నీ. అలాగైతే ఏ గుమాస్తా లోటస్ వదిలి ఎక్సెల్ వైపు వస్తాడు? అందుకని లోటస్ తప్పును యథాతథంగా తెచ్చుకున్నారు. దానివల్ల నష్టం 1900 జనవరి, ఫిబ్రవరి తేదీలకు వారాల పేర్లు తప్పుగా రావడం. మీ కంప్యూటర్లో ఎక్సెల్ ఉంటే ఒక గడిలో 60 అని కొట్టి, తేదీగా మార్చి చూడండి. ఆ ఫిబ్రవరి 29 ఇప్పటికీ అక్కడే ఉంది. గూగుల్ షీట్స్‌లో అదే చేస్తే ఫిబ్రవరి 28 వస్తుంది.

సమీక్ష రోజున గేట్స్ ప్రశ్నలు కఠినమవుతూ పోయి, తేదీల మీదికి వచ్చాయి. ఎక్సెల్‌లోనూ బేసిక్‌లోనూ ఇవి ఒకేలా పనిచేస్తాయా అని అడిగాడు. 1900 జనవరి, ఫిబ్రవరి తప్పించి మిగతావన్నీ ఒకటేనన్నాడు స్పోల్‌స్కీ. గట్టెక్కాడు. ఈయనే తర్వాత 2008లో మరొకరితో కలిసి, ప్రోగ్రామర్లు సందేహాలు తీర్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైటు మొదలుపెట్టాడు. మన దగ్గర కోడ్ రాసే పిల్లల్లో దాని గడప తొక్కనివాళ్లు అరుదు.

నాకు ఇందులో నచ్చేది గేట్స్ ముందు నెగ్గడం కాదు, ఫ్రైస్ దగ్గరికి వెళ్లడం. లోటస్ తప్పును ఉంచాలా దిద్దాలా అన్న ప్రశ్ననే తీసుకోండి. ఒట్టి ఇంజనీరుకి వదిలేస్తే దిద్దేస్తాడు, ఎందుకంటే తప్పు తప్పే. ఒట్టి వ్యాపారం తెలిసినవాడికి అసలు అలాంటి ప్రశ్న ఒకటి ఉందనే తెలియదు. క్యాలెండరు తెలిసిన బుర్ర, గుమాస్తా భయం తెలిసిన బుర్ర ఒక చోట కూర్చుంటేనే ఆ నిర్ణయం సాధ్యం.

సరే, అది ముప్పై ఏళ్ల కిందటి కథ. మన గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో సోమవారం ఉదయం జరిగేదాన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే కంపెనీ ఒకటి అనుకుందాం. పీఎం వచ్చి, "ఆర్డర్ పెట్టాక క్యాన్సిల్ చేసుకునే బటన్ ఒకటి కావాలి. చిన్న మార్పే కదా, ఈ విడతలో అయిపోతుందా?" అంటుంది. ఇంజనీరు మొహం మాడుతుంది. "మూడు నెలలు పడుతుంది" అంటాడు. బటన్‌కి మూడు నెలలా అని ఆమె తెల్లబోతుంది. ఇతనికి పని ఎగ్గొట్టే బుద్ధి అని ఆమె, ఈమెకి ఏమీ తెలియదని అతను, ఎవరి తీర్పు వాళ్లు ఇచ్చేసుకుని లేచిపోతారు. చాలా ఆఫీసుల్లో కథ ఇక్కడితో ఆగుతుంది. తర్వాత వాళ్ల మేనేజర్లు కొట్లాడుకుంటారు.

అతను మూడు నెలలు ఎందుకన్నాడు? బటన్ వెనక ఏముందో అతనికి కనిపిస్తోంది. డబ్బు వెనక్కి వెళ్లాలి. యూపీఐలో కట్టినవాళ్లకి ఒక దారి, కార్డు మీద కట్టినవాళ్లకి ఒక దారి, ఇంటికి వచ్చాక ఇస్తామన్నవాళ్లకి అసలు వెనక్కి ఇచ్చేదే లేదు. వాడేసిన కూపన్ తిరిగి బతకాలి. చీర మళ్లీ స్టాకు లెక్కలోకి రావాలి. జీఎస్టీ ఇన్‌వాయిస్ వెళ్లిపోయి ఉంటే క్రెడిట్ నోట్ రాయాలి. అన్నిటికీ మించి, పార్శిల్ అప్పటికే కొరియర్ కుర్రాడి బండి మీద ఉంటే అతన్ని ఆపాలి, ఆ కొరియర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ మన చేతిలో లేదు. ఇదంతా అతని తలలో ఉంది. నోట్లోంచి వచ్చింది "మూడు నెలలు" అన్న రెండు మాటలే.

ఆమె తలలో ఉన్నదేమిటి? కస్టమర్ కేర్‌లో కూర్చుని ఫోన్లు వింది. క్యాన్సిల్ చేయమని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆర్డర్ పెట్టిన పది నిమిషాల్లోపే చేస్తున్నారు. సైజు తప్పు కొట్టాం, పాత అడ్రస్ పడింది, ఇంట్లో ఇద్దరం విడివిడిగా ఒకే ఆర్డర్ పెట్టేశాం. ఇవీ కారణాలు. అప్పటికి చీర గోదాములో అర మీదే ఉంటుంది. ఈ సంగతి ఆమె చెప్పలేదు. "బటన్ కావాలి" అంది.

చెప్పి ఉంటే అతనే అనేవాడు, ప్యాకింగ్‌కి వెళ్లేలోపు మాత్రమే బటన్ చూపిద్దాం, కొరియర్ గొడవ, ఇన్‌వాయిస్ గొడవ రెండూ ఉండవు, రెండు మూడు వారాల్లో ఇచ్చేయొచ్చు అని. ఈ మధ్యేమార్గం ఆమె ఒక్కతే కనిపెట్టలేదు, ప్యాకింగ్ దాటితే ఎంత చిక్కో ఆమెకు తెలియదు. అతనొక్కడూ కనిపెట్టలేడు, జనం పది నిమిషాల్లోపే అడుగుతున్నారని అతనికి తెలియదు. పీఎం కోరిక తెచ్చింది, బాధ తేవాలి. ఇంజనీరు అంకె చెప్పాడు, అంకె వెనకున్న లెక్క చెప్పాలి. పొత్తు గురించి పుస్తకాలు బోలెడు వచ్చాయి గానీ, వాటిలో చాలావరకు ఈ రెండు అలవాట్ల చుట్టూ తిరిగేవే.

ఈ అలవాట్లు లేకపోతే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వం ఖరీదు కట్టి మరీ తెలుసుకుంది. 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైటు మొదలైంది. ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి అదే ముఖద్వారం. లక్షలమంది తలుపు తట్టారు. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవాళ్లు ఆరుగురే అని తర్వాత బయటపడ్డ కాగితాల్లో ఉంది. ఆరు లక్షలు కాదు, ఆరుగురు.

కారణాలు చాలా ఉన్నాయి. మన విషయానికి సంబంధించినది ఒకటుంది. ఏ బీమా పథకం ఎంత ధరో ఖాతా తెరవకుండానే చూసుకునే సదుపాయం మొదట అనుకున్నారు. ప్రారంభానికి ముందు దాన్ని పక్కన పెట్టేశారు. వినడానికి చిన్న మార్పే. దాంతో ఊరికే ధర చూసిపోదామని వచ్చినవాళ్లు కూడా ముందు ఖాతా తెరవాల్సి వచ్చింది. జనమంతా లాగిన్ అనే ఒకే ఇరుకు సందులోకి తోసుకొచ్చారు. ఆ సందు అంతమంది కోసం కట్టింది కాదు. యాభైకి పైగా కాంట్రాక్టు కంపెనీలు చేసిన పని కనుక, తిలాపాపం తలా పిడికెడు.

బాగుచేయడానికి వచ్చినవాళ్లలో మైకీ డికర్సన్ అనే గూగుల్ ఇంజనీరు ఉన్నాడు. సైటు ఎలా నడుస్తోందో ఒక్కచోట చూసుకునే డ్యాష్‌బోర్డు కూడా అక్కడ లేదు. ముందు అది పెట్టారు. తర్వాత డికర్సన్ రోజుకు రెండుసార్లు అందర్నీ నిలబెట్టి మాట్లాడించేవాడు, అక్కడి నియమాలు గోడ మీద అంటించాడు. ఒకటి, ఈ గది సమస్యలు తీర్చడానికే, నింద ఎవరి మీద వేయాలో తేల్చుకోవాలంటే వేరే చోటు చూసుకోండి. రెండు, ఏ విషయం మీదైనా మాట్లాడాల్సింది ఆ విషయం బాగా తెలిసినవాడు, హోదా పెద్దదైనవాడు కాదు. ఎనిమిది సెకన్లు తీసుకునే పేజీలు డిసెంబరు మొదటికల్లా సెకనులోపు తెరుచుకున్నాయి. తర్వాతి ఏప్రిల్‌కి, రాష్ట్రాల సైట్లతో కలిపి, 80 లక్షలమంది నమోదయ్యారు. కొత్త చట్టమేమీ రాలేదు. మాట్లాడే వరస మారింది, చేసేవాళ్ల మాట చెల్లింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఇక్కడ అభివృద్ధి కేంద్రం పెట్టింది. అప్పట్లో మన కుర్రాళ్లలో ఎక్కువమందికి దొరికిన పని కంపెనీ సరుకు తయారీ కాదు, అవతలి దేశపు క్లయింటు చెప్పింది చేసి గంటల లెక్కన బిల్లు వేయడం. ఏం కావాలో అక్కడ రాస్తారు, సంతకాలవుతాయి, కాగితం ఇక్కడికి వస్తుంది. అందులో ఏం చేయాలో ఉంటుంది, ఎందుకో ఉండదు. వేసవిలో సియాటిల్‌కీ మనకీ పన్నెండున్నర గంటల తేడా. ఒక సందేహం అడిగితే జవాబు మర్నాటికి. ఆ జవాబు మీద ఇంకో సందేహం వస్తే ఇంకో రోజు. ఈ బాధ పడలేక, అడగడం మానేసి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు దించేయడం అలవాటైంది. తప్పు పట్టను. కానీ ఆ అలవాటు కాంట్రాక్టుతో పోలేదు, మనుషుల్లో ఉండిపోయింది.

ఇప్పుడు సంగతి మారింది. విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా నిండిపోయాయి. పీఎంలు కూడా ఇక్కడే, అదే అంతస్తులో కూర్చుంటున్నారు. అయినా కొత్తగా చేరిన కుర్రాడు పీఎంని "సర్" అంటాడు. సర్ అని పిలిచిన మనిషిని "అసలిది ఎందుకు సర్?" అని అడగడం మనకు ఇంట్లోనూ నేర్పలేదు, కాలేజీలోనూ నేర్పలేదు. వినయం మంచిదే. అయితే సాఫ్ట్‌వేర్ పనిలో అడగని ప్రశ్న తర్వాత జనం వాడే యాప్‌లో బగ్ అయి వస్తుంది, అదీ పండగ సేల్ రోజు రాత్రి. పీఎంలకు నా మాట ఒకటే. మీ బృందంలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయడం లేదంటే మీ స్పెక్ బాగుందని మురిసిపోకండి. చదవలేదేమో కనుక్కోండి.

ఇంజనీర్ల వైపు దోషాలూ తక్కువేమీ కాదు. వాళ్లు తరచూ "కోడ్ అంతా చెత్తగా ఉంది, తిరగరాయాలి, రెండు నెలలు ఇవ్వండి" అంటారు. పీఎంకి ఆ చెత్త కనిపించదు. యాప్ నడుస్తూనే ఉంది కదా, మరి తిరగరాయడం దేనికి? ఈ ముడిని వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ చక్కగా విప్పాడు. ఆయన బృందం పెట్టుబడుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ రాసేది. పైన ఉన్నవాళ్లు ఆర్థిక వ్యవహారాలు తెలిసినవాళ్లు. అందుకని కోడ్ గురించి వాళ్ల భాషలోనే చెప్పాడు. తొందరపడి సరుకు ముందుగా ఇవ్వడం అప్పు చేయడం లాంటిది, త్వరగా తీర్చేస్తే లాభమే, తీర్చకపోతే ఆ తర్వాత చేసే ప్రతి మార్పుకీ అదనంగా పట్టే కాలమే వడ్డీ. 1992లో ఇలా రాశాడు, టెక్నికల్ డెట్ అనే మాట దాని నుంచే పుట్టి ప్రపంచమంతా పాకింది.

మన దగ్గర ఆ మాట చివర "డెట్" మాత్రం మిగిలి, వడ్డీ లెక్క మాయమైంది. నచ్చని కోడ్ అంతా డెట్టే. వడ్డీ ఎంతో చెప్పండి, పీఎం వింటుంది. "చెల్లింపుల భాగంలో ఏ మార్పు చేయాలన్నా రెండు రోజుల పని వారం పడుతోంది, ఈ ఏడాది మీరు అక్కడే ఆరు మార్పులు అడగబోతున్నారు" అని చెబితే, ఏది ముందు తీర్చాలో ఆమే తేలుస్తుంది. "కోడ్ అసహ్యంగా ఉంది" అంటే ఆమె ఏం చేయగలదు, జాలిపడటం తప్ప?

ఇక తేదీల గొడవ. దీని మీద గంటసేపు మాట్లాడొచ్చు గానీ, క్లుప్తంగా చెబుతాను. కొన్ని తేదీలు నిజమైనవి. జీఎస్టీ రిటర్ను గడువు, పరీక్ష ఫలితాల రోజు, దీపావళి సేల్. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు. కొన్ని తేదీలు ఎవరో మీటింగులో గాల్లోంచి పట్టుకొచ్చినవి. డిజైన్ కాకముందే అమ్మకాలవాళ్లు క్లయింటుకి మాట ఇచ్చేస్తారు, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండు రకాల తేదీలనూ పీఎం ఒకే గొంతుతో చెబితే, ఇంజనీరు రెండింటినీ నమ్మడం మానేస్తాడు. ఏది నిజమైన అమావాస్యో విప్పి చెప్పాలి. తేదీ జారుతోందని మరో నలుగుర్ని తెచ్చి పడేయడం మందు కాదని ఐబీఎంలో ఓఎస్ 360 అనే భారీ సాఫ్ట్‌వేర్ పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాసి చెప్పాడు. ఆలస్యమైన పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుంది. యాభై ఏళ్లు గడిచినా ఆ నలుగుర్ని తెస్తూనే ఉన్నారు.

చివరగా మనవాళ్ల కథ ఒకటి. 2005 దీపావళికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామకు ఇంటికి వెళ్లే బస్సులో సీటు దొరకలేదు. ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఎక్కడో ఒక బస్సులో సీటు ఖాళీగానే ఉంటుంది, ఏ బస్సులోనో ఏజెంటుకి తెలియదు. ఫణీంద్ర, తన బిట్స్ పిలాని స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. ముగ్గురూ ఇంజనీర్లు. సీటు దొరక్క అవస్థ పడినవాడే కోడ్ వైపు కూడా ఉన్నాడు. ఇక పీఎం దేనికి అనిపిస్తుంది.

అక్కడే చిక్కు వచ్చింది. వాళ్లు ముందు బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఊరికే ఇస్తామన్నా ఆపరేటర్లు తీసుకోలేదు. ప్రయాణికుడి బాధ వాళ్లకు తెలుసు, ఆపరేటరు మనసు తెలియదు. ఆపరేటరుకి కావలసింది సాఫ్ట్‌వేర్ కాదు, నిండిన సీట్లు. అది తెలిశాక టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. అమ్మి చూపించాక ఆపరేటర్లు దారికొచ్చారు, ఆపరేటర్ల సాఫ్ట్‌వేర్ కూడా తర్వాత వచ్చింది. 2013లో ఐబిబో ఆ కంపెనీని కొనుక్కుంది. ఫణీంద్ర సామ తర్వాత తెలంగాణ ప్రభుత్వంలో చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసరుగా కూడా పనిచేశాడు. ఇంజనీరు తెలివైనవాడైతే చాలు, మిగతావాళ్లు అనవసరం అనుకునేవాళ్లు ఈ కథలో ఆ మధ్య భాగాన్ని మర్చిపోకూడదు.

ఇది వింటున్నవాళ్లలో ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉంటే ఒక పని చేయమని కోరతాను. వచ్చే వారం ఏదో ఒక మధ్యాహ్నం మీ పీఎం, మీ ఇంజనీరు ఇద్దరూ కలిసి కస్టమర్ కేర్ బల్ల దగ్గర రెండు గంటలు కూర్చోండి. ఫోన్లు వినండి, ఏమీ మాట్లాడకండి. ఆ తర్వాత ఇంజనీరు కంప్యూటర్ దగ్గర ఇంకో గంట కూర్చుని, ఆ ఫోన్లలో విన్న ఒక ఫిర్యాదు కోడ్‌లో ఎక్కడ పుడుతోందో పీఎంకి చూపించండి. అర్థం కానిది పీఎం అడగాలి, విసుక్కోకుండా ఇంజనీరు చెప్పాలి. దీనికి మీ మేనేజర్ల అనుమతి కూడా అక్కర్లేదు. పిల్లలు ఈ ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులు, ఈసారి ఫోన్ చేసినప్పుడు జీతం ఎంత పెరిగిందని కాకుండా, మీరు చేసింది వాడుకునేవాళ్లను ఎప్పుడైనా చూశారా అని అడగండి.